వేలెడు వదులు

ఆ ఫ్యాక్టరీలో ఆమెను ముడులక్క అనేవారు. ఆ పేరు ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తు లేదు. హాజరు పుస్తకంలో వేరే పేరుండేది, అయినా జీతాల గుమాస్తా కూడా కిటికీలోంచి ముడులక్కా అనే పిలిచేవాడు.

సైనికులు వీపున మోసుకెళ్ళే రేడియో సెట్లు అక్కడ తయారయ్యేవి. ఒక్కో సెట్టు లోపల డెబ్భై రెండు వైర్లు. వాటిని విడిగా వదిలేస్తే నడకకు ఊగి, ఒకదానికొకటి రాసుకుని తెగిపోతాయి. అందుకని ఒక చెక్క పలకకు డ్రాయింగు అంటించి, గీతల వెంబడి మేకులు కొట్టి, మేకుల మధ్య వైర్లు పరిచి, మైనం పూసిన దారంతో అంగుళానికో ముడి వేసి కట్ట కడతారు. పలక మీద నుంచి లేపితే ఆ కట్ట ఆకులు రాలిన కొమ్మలా ఉంటుంది. ముప్పై ఒక్క ఏళ్ళ ఉద్యోగంలో ఇరవై రెండేళ్ళు ఆమె చేసింది ఈ పనే. ఆమె ముడి విప్పాలంటే కత్తెర ఒక్కటే చాలదు, మొండితనం కూడా కావాలని తోటివాళ్ళు నవ్వుకునేవారు.

గది గోడ మీద ఎర్ర రంగుతో ఒకే ఒక్క వాక్యం రాసి ఉండేది: గీసినట్టే కట్టు. కొత్తగా చేరిన ప్రతి అమ్మాయి చేతా మొదటి రోజున ఆమె ఆ మాట మూడుసార్లు చదివించేది. తెలివి చూపించబోయిన వేళ్ళ మీద స్కేలుతో కొట్టేది. గట్టిగా కాదు, గుర్తుండేలా.

అంతకు ముందు తొమ్మిదేళ్ళు ఆమె మరమ్మతుల బల్ల దగ్గర పనిచేసింది. సరిహద్దుల నుంచి పాడైపోయి వచ్చిన సెట్లను విప్పడం ఆ బల్ల పని. మట్టి, తుప్పు, ఎండిన ఆకులు, ఒకసారి ఎవరిదో కోటు గుండీ. సెట్టు ఎలా చెడిందో చూస్తే దాన్ని మోసినవాడు ఎలా బతికాడో కొంత తెలిసేది. ఆ తెలిసింది ఎవరికీ చెప్పుకునేది కాదు. అది ఆమె వేళ్ళలో ఉండిపోయింది.

కొత్త సెట్టు మాట మొదలయ్యేనాటికి ఇంజనీరుకు తల నిండా జుట్టుండేది. సైన్యం వారు ఎనిమిది కిలోలు దాటకూడదన్నారు. కష్టపడి ఎనిమిదికి దింపేసరికి, శత్రువు చెవిన పడకుండా మాటను ముక్కలు చేసి పంపే భాగం కూడా ఉండాలన్నారు. ఆ భాగం పెడితే బరువు పెరిగింది. బరువెందుకు పెరిగిందో రాతపూర్వకంగా తెలపమన్నారు. కొనుగోలు కమిటీ అధ్యక్షులు ముగ్గురు వరసగా రిటైరయ్యారు. నాలుగో ఆయన మొదటి ఆయన అడిగిందే మళ్ళీ అడిగాడు. అలా పన్నెండేళ్ళు.

"ఏమోయ్, మీ సెట్టు తయారయ్యేలోగా కొట్టుకునేవాళ్ళు విసుగొచ్చి రాజీ పడిపోతారేమో చూడు" అనేవాడు ఆమె భర్త. ఆయన బస్సు కండక్టరు. దేన్నయినా ఆలస్యాన్ని బట్టి కొలవడం ఆయనకు అలవాటు.

చివరికి ఐదు నమూనా సెట్లు పరీక్షలకు పంపాలని తేలింది. ఐదింటి కట్టలూ ముడులక్కే కట్టాలన్నాడు ఇంజనీరు. ఆమె డ్రాయింగు ముందు పెట్టుకుని వైర్లు పరుస్తూ పోయింది. కింది కుడి మూలకు వచ్చేసరికి చెయ్యి ఆగింది. అక్కడ నాలుగు వైర్లు కట్ట నుంచి విడిపోయి తిన్నగా బ్యాటరీ పెట్టెలోకి దిగుతున్నాయి. గీతలో ఎక్కడా వంపు లేదు.

మరమ్మతుల బల్ల మీద పాత సెట్లు ఎక్కువగా తెగి వచ్చింది సరిగ్గా అక్కడే. మంచులో, మందపాటి తొడుగులు వేసుకున్న చేతులతో బ్యాటరీ మార్చాలంటే ఆ పెట్టెను పట్టుకోవడానికి మూడో చెయ్యి కావాలి. లేదు కనుక పెట్టెను వైర్ల మీదే వేలాడనిస్తారు. డ్రాయింగు గీసినవాళ్ళు వెచ్చటి గదిలో, రెండు చేతులూ ఖాళీగా ఉన్నవాళ్ళు.

ఆమె ఇంజనీరు గదికి వెళ్ళి చెప్పింది. ఆయన విన్నాడు, కాదనలేదు. డ్రాయింగులో ఒక్క గీత మారాలన్నా మార్పు చీటీ కావాలని, దాని మీద ఏడుగురి సంతకాలుండాలని, కిందటిసారి అందుకు నాలుగు నెలలు పట్టిందని అన్నాడు. పరీక్షలకు పంతొమ్మిది రోజులుంది.

"పరీక్షలవనీయండమ్మా. తర్వాత చూద్దాం."

ఆమె తిరిగి వచ్చి పలక ముందు కూచుంది. ఎదురుగా గోడ మీది వాక్యాన్ని కాసేపు చూసింది. తర్వాత ఆ నాలుగు వైర్లనూ వేలెడు పొడవు వెనక్కి లాగి, చిన్న మెలికగా మడిచి, గుడ్డ తొడుగులోకి తోసి, పైన ముడి వేసింది. పై నుంచి చూస్తే గీసినట్టే ఉంది. మిగతా నాలుగు సెట్ల కట్టలకూ అలాగే చేసింది. చేతికి తెలిసింది చెయ్యకుండా ఉండడం ఆమెకు రాలేదు. అంతకు మించి అప్పుడేమీ ఆలోచించలేదు.

ఐదు సెట్లు ఒక శీతాకాలమంతా కొండల మీద తిరిగాయి. బురదలో పడ్డాయి, మెట్ల మీద దొర్లాయి. ఐదూ మాట్లాడుతూ తిరిగి వచ్చాయి. నాలుగింటిని ఎక్కడెక్కడికో పట్టుకుపోయారు. ఐదోదానికి సీసపు ముద్ర వేసి, సైన్యం తనిఖీ గదిలో ఇనప బీరువాలో పెట్టారు. ఇక ముందు ఎవరు ఎక్కడ తయారుచేసినా సెట్టు దానిలాగే ఉండాలి. దాన్ని మాత్రం ఎవరూ విప్పకూడదు. ముద్ర పగిలితే ఆమోదం పోయినట్టే. అది పద్ధతి.

ఇంజనీరు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ ఆడవాళ్ళందరికీ దణ్ణం పెట్టాడు. ఆ రోజే చెప్పేద్దామనుకుంది ఆమె. ఆయన చుట్టూ జనం ఉన్నారు. మర్నాడు ఆయన ఊళ్ళో లేడు. పది రోజుల తర్వాత ఆయన తలుపు దాకా వెళ్ళింది. లోపల ఎవరో నవ్వుతున్నారు, వెనక్కి తిరిగింది. చెప్పవలసిన మాటకు ఒక కాలం ఉంటుంది. అది దాటితే అదే మాట నేరం ఒప్పుకోవడం అవుతుంది.

ఆర్డరు ముడులక్క ఫ్యాక్టరీకి రాలేదు. ఆమోదం వీళ్ళది, తయారీ మరొకరిది. తక్కువకు చేస్తామన్న ఇంకో ఫ్యాక్టరీకి డ్రాయింగులన్నీ పెట్టెల్లో వెళ్ళిపోయాయి. ఆ ఫ్యాక్టరీ అదే ఊళ్ళో, రైలు పట్టాలకు అవతల. అక్కడ కట్టలు కట్టే ఆడవాళ్ళు పదకొండు మంది. వాళ్ళలో ఒకరైన ఆమె చెల్లెలిదే మిగతావాళ్ళ మీద అజమాయిషీ.

చెల్లెలు ఆమె కన్నా పదహారేళ్ళు చిన్న. తల్లి పోయాక అక్కే పెంచింది. జడ వేయడం, ముడి వేయడం రెండూ ఆ చేతులే నేర్పాయి. చెల్లెలి ముడినీ అక్క ముడినీ పక్కపక్కన పెడితే ఏది ఎవరిదో అక్క కూడా చెప్పలేకపోయేది.

ఒక ఆదివారం చెల్లెలు వచ్చింది. అక్క మంచం మీద ఉతికిన బట్టలు మడత పెడుతోంది. ఆ మాటా ఈ మాటా అయ్యాక చెల్లెలు అంది:

"అక్కా, ఆ బ్యాటరీ మూల మరీ బిగుతుగా ఉందే. వేలెడు వదలనా?"

"డ్రాయింగులో ఉందా?"

"లేదు."

"మరి అడుగుతావేం? గీసినట్టే కట్టు."

"నీ నోట ఇంకో మాట వస్తుందని అడిగానా నేను" అని చెల్లెలు నవ్వింది.

అక్క నవ్వలేదు. మడత పెట్టిన చొక్కానే విప్పి మళ్ళీ మడత పెట్టింది. చెల్లెలు వదులు వదిలితే తనిఖీలో ఎవరైనా పట్టుకుంటారు. ఇదెక్కడ నేర్చావంటారు. బీరువా దాకా వస్తుంది. ఆ లెక్కంతా ఒక చొక్కా మడిచేలోగా ఆమె బుర్రలో అయిపోయింది. అంత వేగంగా అయిపోయినందుకే తర్వాత ఆమె తనను తాను క్షమించుకోలేకపోయింది.

కొత్త సెట్లు సైన్యం చేతికి వెళ్ళాక రెండో శీతాకాలం కొండల్లో ఫిరంగుల అభ్యాసం జరిగింది. ముందుకు వెళ్ళిన చిన్న దళాన్ని వెనక్కి రమ్మని ఆజ్ఞ పంపారు. ఆ దళం సెట్టుకు అంతకు కొద్దిసేపటి ముందే బ్యాటరీ మార్చారు. ఆజ్ఞ చేరలేదు. ఆరుగురిలో ఐదుగురు తిరిగి వచ్చారు.

ఆ పూట వాడిన నలభై సెట్లనూ విప్పారు. పంతొమ్మిదింటిలో వైర్లు ఒకే మూల దగ్గర తెగివున్నాయి, లేదా తెగడానికి సిద్ధంగా ఉన్నాయి. డ్రాయింగుకు ఆమోదం ఉంది. అదే డ్రాయింగుతో చేసిన ఐదు నమూనాలు ఒక శీతాకాలం తట్టుకున్నాయి. కనుక తప్పు చేతులదే అయివుండాలి. కాగితం మీద చేతిపని లోపం అని రాశారు. విచారణ అయ్యేదాకా పదకొండు మందినీ ఇంటి దగ్గర ఉండమన్నారు. చెల్లెలి పేరు పట్టికలో అందరి కన్నా పైన ఉంది.

చెల్లెలు ఆ సాయంత్రం వచ్చి గడప దగ్గరే కూచుంది. లోపలికి రమ్మన్నా రాలేదు. చాలాసేపు చేతులు తిప్పి తిప్పి చూసుకుంది.

"నువ్వు నేర్పినట్టే కట్టామక్కా. ఒక్క ముడి తప్పలేదు. మరి నీ ఐదూ నిలిచాయి, మావి తెగాయి." కాస్త ఆగి, "మా చేతుల్లోనే ఏదో ఉందేమో" అంది.

అక్క మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. చెల్లెలు నీళ్ళు తాగి, చెంబు అక్కడే పెట్టి వెళ్ళిపోయింది.

వారం తర్వాత ముడులక్కకు కబురొచ్చింది. కట్టలు కట్టడంలో ఆమెను మించినవాళ్ళు లేరు కనుక, ఆమే వచ్చి తెగిన సెట్లను పరిశీలించి, పనివాళ్ళ లోపం ఏమిటో విచారణలో చెప్పాలి. ఆ కాగితం భర్తే చదివి వినిపించాడు. చదవడం అయ్యాక మడిచి బల్ల మీద పెట్టాడు.

"టిక్కెట్టు లేనివాణ్ణి ఎలా పట్టేవాణ్ణో తెలుసా? వాడు నా వైపు చూడడు. కిటికీలోంచి బయటికి చూస్తాడు. బయట చూడ్డానికేమీ లేకపోయినా చూస్తాడు. ఏమోయ్, వారం రోజులుగా నువ్వు కిటికీ దగ్గరే ఉన్నావు."

అప్పుడు ఆమె ఆయనకు చెప్పింది. ఆమె చెప్తున్నంతసేపూ ఆయన ఒక్క హాస్యమూ ఆడలేదు.

"చెప్తే ఏమవుతుంది?"

"ఆ బీరువాలో సెట్టు విప్పుతారు. ఆమోదం పోతుంది. ఇంజనీరుగారి పన్నెండేళ్ళూ పోతాయి. నన్ను తీసేస్తారు."

"చెప్పకపోతే?"

"మా చెల్లి చేతులు పోతాయి. వేరే పదకొండు మందిని తెచ్చుకుంటారు. వాళ్ళూ గీసినట్టే కడతారు."

ఆయన లేచి కిటికీ మూశాడు. చలిగా ఉందన్నాడు. అంతకు మించి సలహా ఇవ్వలేదు.

విచారణ జరిగిన సైన్యం తనిఖీ గది పొడుగ్గా ఉంది. గోడకు ఆ ఇనప బీరువా. బల్లకు ఒకవైపు విచారణ జరిపే మేజరు, ఆయన పక్కన రాసుకునే గుమాస్తా. రెండోవైపు ఇంజనీరు, ముడులక్క. తలుపు దగ్గర బెంచీ మీద పదకొండు మంది ఆడవాళ్ళు, చివర చెల్లెలు. బల్ల మీద తెగిన సెట్లు మూతలు తీసి వరసగా పెట్టి ఉన్నాయి.

మొదట ఆ దళంలో సెట్టు మోసిన సైనికుణ్ణి పిలిచారు. ఎలా వాడాడో చూపించమన్నారు. అతను తొడుగులు వేసుకున్నాడు, ఒక మోకాలి మీద కూచున్నాడు, సెట్టును తొడకు ఆనించి పెట్టెను లాగాడు. పెట్టె వైర్ల మీద వేలాడింది. అతని చూపు బ్యాటరీ మీదే ఉంది.

"అలా వేలాడనివ్వొచ్చని నీకెవరు చెప్పారు?" అని అడిగాడు మేజరు.

"ఎవరూ చెప్పలేదండి. చేతులు రెండే ఉన్నాయి."

ముడులక్క లేచి అతని దగ్గరకు వెళ్ళింది. చనిపోయినతనిది ఏ ఊరని మెల్లగా అడిగింది. అతను చెప్పాడు. ఆ ఊరి పేరు ఆమె తర్వాత ఎవరితోనూ అనలేదు.

మేజరు ఆమెను సెట్లు చూడమన్నాడు. ఆమె ఒక్కొక్కటీ వెలుతురుకు తిప్పి, గోటితో ప్రతి ముడినీ తట్టి చూసింది. పంతొమ్మిదీ చూసేసరికి పొద్దు కొంత వాలింది. ఎవరూ తొందర పెట్టలేదు. ఇందులో లోపం ఏముందని మేజరు అడిగాడు.

"ముడుల్లో లోపం లేదండి. గీసినట్టే కట్టారు. గీసిందే తప్పు."

ఇంజనీరు తలెత్తాడు. అదే గీతతో ఐదు సెట్లు నిలిచాయి కదా అన్నాడు మేజరు.

"ఆ గీతతో కాదండి. బీరువా తీసి చూడండి."

గుమాస్తా కలం ఆగిపోయింది. ముద్ర పగిలితే ఏమవుతుందో ఆమెకు తెలుసా అని మేజరు నిదానంగా అడిగాడు. తెలుసంది. ఆ మూల వేలెడు వదులు దాచి కట్టానని, ఐదింటికీ తనొక్కతే కట్టానని, ఇన్నాళ్ళూ నోరు విప్పలేదని చెప్పింది. తర్వాత బెంచీ వైపు చూడకుండా ఇంకో మాట అంది.

"మా చెల్లి ముందే పసిగట్టింది. వదలనా అని నన్నడిగింది. నేనే వద్దన్నాను. నాది బయటపడుతుందని."

మేజరు పక్క గదిలోకి వెళ్ళి ఎవరితోనో ఫోనులో మాట్లాడాడు. వచ్చాక బీరువా తెరిచి, సెట్టును బల్ల మీద పెట్టి, కత్తెరతో సీసపు ముద్ర కత్తిరించాడు. మూత తీసి, గుడ్డ తొడుగు మీది ముడి విప్పబోయాడు. రాలేదు. ఆమె ముందుకు వచ్చి, తొడుగును పొడవునా చీల్చమంది. చీల్చగానే నాలుగు వైర్లు ముడిచిన వేలు చాపుకున్నట్టు నెమ్మదిగా బయటికి వచ్చాయి. మేజరు పెట్టెను చేత్తో కిందికి వదిలాడు. అది వేలాడింది. వైర్లు బిగుసుకోలేదు. ఆయన అలా మూడుసార్లు వదిలి చూశాడు.

మర్నాడు ఇంజనీరు తనే ఒక కాగితం రాసి ఇచ్చాడు. ఆమె తన దగ్గరకు వచ్చిందని, చూద్దామన్నది తానని, చూడనిదీ తానేనని.

ఆమోదం రద్దయింది. చేసిన సెట్లన్నీ వెనక్కి వచ్చాయి. పరీక్షలు మొదటి నుంచి మళ్ళీ మొదలయ్యాయి. పదకొండు మందినీ పనిలోకి రమ్మన్నారు. ముడులక్కను తీసేశారు. డ్రాయింగు దాటినందుకు కాదు, దాచినందుకు అని కాగితంలో స్పష్టంగా ఉంది. ఆమె రిటైరు కావడానికి ఇంకా ఐదు నెలలుంది. ఆ కాగితం చదివి, ఇందులో అబద్ధమేమీ లేదంది.

చెల్లెలు రాలేదు. ఒక నెల, మూడు నెలలు, ఏడు నెలలు. వీధిలో ఎదురుపడితే తల ఊపేది. భర్త రెండుసార్లు మధ్యవర్తిగా వెళ్ళబోతే ఆమె ఆపింది. ఖాళీగా ఉన్న చేతులకు ఏం చెప్పాలో తెలియక, ఇంట్లో తెగిన తాళ్ళన్నీ కట్టింది. ఆ తర్వాత తెగనివి కూడా విప్పి కట్టడం మొదలుపెట్టింది. "నన్నొక్కణ్ణి వదిలెయ్, నడుస్తున్నాను కదా" అన్నాడాయన.

ఎనిమిదో నెలలో, ఒక మధ్యాహ్నం చెల్లెలు వచ్చింది. ఈసారి గడప దగ్గర కూచోలేదు. చుట్ట చుట్టి తెచ్చిన కాగితం బల్ల మీద పరిచింది. కొత్త డ్రాయింగు. కింది కుడి మూల చిన్న మెలిక గీసివుంది, పక్కన ఒక అంకె. అక్క కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఆ ఆదివారం నువ్వు నాకు చెప్పొచ్చుగా. ఎవరికీ కాదు, నాకు" అంది చెల్లెలు.

"చెప్పొచ్చు."

"మరెందుకు చెప్పలేదు?"

"భయపడ్డాను."

"నా చేతులే పాడైపోయాయనుకున్నానక్కా. రాత్రిళ్ళు లేచి చూసుకునేదాన్ని."

అక్క తల దించుకుంది. చెల్లెలు సంచీలోంచి నాలుగు వైరు ముక్కలు, మైనం దారపు ఉండ తీసి బల్ల మీద పెట్టింది.

"గీత బాగానే ఉంది. మెలిక ఎటు తిప్పాలో మాత్రం రాయలేదు. ఒక్కోసారి నిలుస్తోంది, ఒక్కోసారి తొడుగులో ఇరుక్కుంటోంది. నీ వేళ్ళకు తెలుసు. చూపించు."

అక్క వైర్లు చేతిలోకి తీసుకుంది. వేళ్ళు తమంతట తామే కదలబోయాయి. ఆమె వాటిని ఆపింది.

"చూపించను. చెప్తాను, రాసుకో" అంది. "మొదట నాలుగూ సమంగా పట్టుకోవాలి. ఎడమ బొటనవేలితో నొక్కి పట్టాలి. మెలిక నీ వైపు తిరగాలి, అటు వైపు కాదు."

"ఎందుకని?"

అక్క ఆగింది. ఇరవై రెండేళ్ళుగా ఆ ప్రశ్నను ఆమె ఎవరినీ అడగనివ్వలేదు. అడిగినవాళ్ళ వేళ్ళ మీద స్కేలు పడేది.

"పెట్టె ఎడమకు జారుతుంది కనుక" అంది నెమ్మదిగా. "అదీ రాసుకో."

చెల్లెలు రాసుకుంది.